ధర దిగని పడవ ఆట

కూరగాయల మార్కెట్లో ఆయన్ని అందరూ ఆఖరిమాట అని పిలిచేవారు. ఎవరెంత గింజుకున్నా, "ఇదే ఆఖరి మాట" అన్నాక ఒక్క మెట్టు దిగేవాడు కాదు మరి. మోకాళ్ళు మొరాయించి కొట్టు వేరేవాళ్ళకి అప్పగించేశాక మాత్రం ఆయన్ని ధర అడిగే నాథుడే లేకుండా పోయాడు. కొడుకు పొద్దున్నే వ్యాను తోలుకుంటూ పోతే చీకటిపడ్డాకే రావడం. ఇంట్లో మిగిలేది ఆయనా, మంచం మీద కోడలూ.

కోడలు కళ్ళద్దాల షాపులో పనిచేసేది. ఇదివరకు ఒకసారి కడుపు నిలవలేదు. అందుకని ఈసారి కాన్పయ్యేదాకా మంచం దిగొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. మొదట్లో బాగానే ఉంది గానీ, పోనుపోను ఆ పిల్ల గోడకేసి తిరిగి పడుకోవడం మొదలుపెట్టింది. పలకరిస్తే ఊఁ, ఆఁ. కంచంలో పెట్టింది పెట్టినట్టే ఉండిపోయేది. కొడుకు బెంగపడ్డాడు. పెద్దాయన అంతకంటే ఎక్కువ బెంగపడ్డాడు, పైకి మాత్రం కొడుకునే కసిరాడు.

ఒకరోజు పాలు ఇవ్వడానికి వెళ్తే ఆమె ఫోన్లో ఏదో బొమ్మ చూస్తోంది. నది, అందులో చిన్న పడవ.

"ఏంటమ్మా అది?"

"వీడియో గేమ్ మామయ్యా. పడవలో పార్సిళ్ళు వేసుకుని ఊరూరా ఇచ్చిరావాలి. ఇద్దరు ఆడొచ్చు. ఒకరు తెడ్డు వెయ్యాలి, ఒకరు పార్సిల్ ఒడ్డుకి విసరాలి."

"మరి కొనుక్కోకపోయావా?"

"జీతం లేకుండా పడుకున్నదాన్ని. ధర చూస్తే మండిపోతోంది. తగ్గితే చూద్దాం లెండి."

తగ్గితే అన్న మాట చెవినపడగానే ముసలి ప్రాణం లేచొచ్చింది. "తగ్గకేం చేస్తుంది! ఆ బేరం నాకొదిలెయ్."

ఆ ఆన్‌లైన్ దుకాణాన్ని ఆమెచేతే తన ఫోన్లో పెట్టించుకున్నాడు. ఇలాంటి దుకాణాలు ఇంకా చాలా ఉన్నాయని ఆమె చెప్పబోతే విననేలేదు. "కొట్లన్నీ తిరిగేవాడికి ఎవడూ తగ్గించడమ్మా. ఒక్క కొట్టు ముందే నిలబడాలి. వాడే విసుగెత్తి దిగొస్తాడు." అదీ సాయంత్రం పూటే చూసేవాడు. పొద్దుటి సరుక్కి పొగరెక్కువ, సాయంత్రానికి వాడిపోయి దారికొస్తుందని ఆయన లెక్క. ఫోన్లో పడవ వాడిపోదని ఆయనకి చెప్పే ధైర్యం ఎవరికుంది?

ఎండ తగ్గగానే కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చునేవాడు.

"ఇవాళెంత మామయ్యా?"

"బిగుసుకునే ఉన్నాడు వెధవ. మనమూ బిగుసుకుందాం."

అంతటితో లేచిపోతే బాగుండదని ఏదో ఒక కబురు ఎత్తుకునేవాడు. వంకాయల బుట్టలో నిద్రపోతున్న పిల్లిని చూసుకోకుండా వంకాయలతో పాటు తూకం వేసి అమ్మేసిన సంగతి, ఆ కొన్నావిడ మర్నాడు పిల్లిని చంకనేసుకుని దెబ్బలాటకొచ్చిన సంగతి. మొదట ఊఁ కొట్టేది. తర్వాత్తర్వాత, "నవ్వించకండి మామయ్యా, లోపల వీడు తంతున్నాడు" అంటూ పొట్ట పట్టుకునేది. కంచం ఖాళీ అవడం మొదలైంది. ధర మాత్రం దిగలేదు.

ఒక సెలవు రోజు కొడుకు ఇంట్లో ఉన్నాడు. తండ్రి ఒకే కొట్టు పట్టుకుని వేళ్ళాడుతున్నాడని తెలిసి పడీపడీ నవ్వి, అన్ని దుకాణాల ధరలూ ఒకేచోట చూపించే సైటు తెరిచి చేతికిచ్చాడు. "ఎప్పుడెంత ఉందో గీత గీసి మరీ చూపిస్తుంది నాన్నా." పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని చూశాడు. వేరే దుకాణంలో ఆ గీత పోయిన వారం సగానికి సగం పడిపోయింది. కొన్నాళ్ళు అక్కడే ఉండి, నిన్ననే మళ్ళీ కొండెక్కింది.

ఆయనకి తల కొట్టేసినట్టయింది. బతుకంతా బేరాలాడినవాడు తనే బేరం పోగొట్టాడు. ఆ సాయంత్రం లోపలికి వెళ్ళలేక గుమ్మంలోనే నిలబడ్డాడు.

"తప్పయిపోయిందమ్మా. పక్క కొట్లో సగానికే ఇచ్చారట. నా మొండితనంతో నోటిదాకా వచ్చింది పోగొట్టాను."

"నాకు తెలుసు మామయ్యా."

"ఏం తెలుసు?"

"తగ్గిన రోజే నాకు మెసేజ్ వచ్చింది. ఎక్కడ తగ్గినా చెప్పమని ఎప్పుడో పెట్టుకున్నాను."

"మరి కొనలేదేం?"

ఆమె దుప్పటి అంచు వేలికి చుట్టుకుంది. "కొనేస్తే మీరింక వచ్చి కూర్చోరేమోనని భయమేసింది. ఆట లేకపోయినా ఉండగలను. సాయంత్రం మీరు రాకపోతే ఉండలేను. నేను మళ్ళీ మనిషినయ్యానంటే మీ వల్లే."

పెద్దాయన కొసరు కోసం కొట్టుకునే జనం మధ్య బతికినవాడు. తన కోసం చేతికొచ్చిన బేరం వదులుకున్న మనిషిని ఇంతవరకూ చూడలేదు.

"పిచ్చిపిల్లా," అన్నాడు. "నీకేదో సాయం చేస్తున్నాననుకున్నాను. పొద్దువాలుతుందంటే నాకెంత సంబరమో నీకేం తెలుసు? కొట్టు వదిలాక నన్ను కూర్చోబెట్టుకుని మాట్లాడించింది నువ్వొక్కదానివే. నీకెన్ని దండాలు పెట్టినా తక్కువే."

వచ్చి ఫోన్ ఆమె చేతిలో పెట్టాడు. "కొను. ఇప్పుడే."

"పూర్తి ధరకా? ఆ కొట్టువాడు మిమ్మల్ని చూసి నవ్వుతాడు!"

"నవ్వనీ. తెడ్డు ఎవరిదో చెప్పు ముందు."

"మీదే."

కొడుకు ఆటని ల్యాప్‌టాప్‌లో ఎక్కించి తెచ్చి మంచం మీద పెట్టాడు. కీబోర్డులో ఎడమవైపు ఆయనకి, కుడివైపు ఆమెకి. పడవ దొరికిన ప్రతి ఒడ్డుకీ గుద్దుకుంది. పార్సిళ్ళన్నీ నీళ్ళపాలయ్యాయి. ఆమె నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది.

"రేపొస్తారుగా మామయ్యా?"

"రేపేంటి, ఆ లోపలివాడికి తెడ్డు వెయ్యడం నేర్పేదాకా వస్తూనే ఉంటాను."