మూత తీసిన మధ్యాహ్నం

మా దగ్గర మిగిలింది ఆ ఒక్క గాజుపలకే. దాని మీద వెంట్రుకకన్నా సన్నని కాలువలు రెండు, పక్కపక్కనే. వాటి నిండా లిక్విడ్ క్రిస్టల్ అనే పాలలాంటి ద్రవం. మొదటి కాలువలోకి పంపిన ఎర్రటి కాంతి రెండోదాంట్లోకి దాటి, అవతలి అంచున చుక్కై వెలగాలి. వెలిగితే ఈ ల్యాబు మాకుంటుంది. లేదంటే ఇవాళే ఖాళీ చెయ్యాలని డైరెక్టరుగారు తేల్చి చెప్పేశారు.

ఆ ద్రవానిది మహా పెంకితనం. అర డిగ్రీ వేడెక్కినా చాలు, కాంతిని దాటనివ్వదు. అందుకే పలకను చిన్న పెట్టెలో, హీటరుతో ఒకే వేడి మీద నిలిపి, మూత వేసి ఉంచుతాం. పొద్దున, పెట్టెలో బిగించిన కెమెరా నుంచి బయటి తెరమీద చుక్క కనబడగానే నేనూ బావా ఎగిరి గంతేశాం. మా అక్క మొగుడే ఈ పనిలో నాకు జోడీ.

“తెరమీద చూపిస్తే నమ్ముతాడా ఆ డైరెక్టరు? మూత తీసి కళ్ళారా చూపిద్దాం,” అన్నాను.

“వద్దు మరదలా, నీకో దణ్ణం! మూత జోలికి పోకు.”

విన్నానా? నేనెప్పుడు ఎవరి మాట విన్నాను గనక!

డైరెక్టరుగారు రాగానే మూత తీశాను. చుక్క వెలుగుతూనే ఉంది. “ఏదీ, ఎక్కడా?” అంటూ ఆయన ముక్కు తగిలేంత దగ్గరగా వంగారు. చుక్క ఆరిపోయింది.

“మీ ఊపిరి వేడికండీ! కాస్త వెనక్కి జరగండి, మళ్ళీ వస్తుంది.”

ఆయన నవ్వారు. “ఆడలేక మద్దెల ఓడన్నట్టుందమ్మా. ఎన్నిసార్లని గడువివ్వను?”

“కొంచెంసేపు ఆగండి, మీ కాళ్ళు పట్టుకుంటాను!”

నిజంగానే పట్టుకునేదాన్ని. ఆయన అప్పటికే గడప దాటేశారు.

మూత వేసి, మా ఒంటి వేడి కూడా తగలకూడదని బయటికొచ్చి తలుపు మూశాం. తలుపు అద్దంలోంచి తెరవైపే చూస్తూ నిలబడ్డాం. నా చెంపలు నేనే వాయించుకోవాలన్నంత కోపం, దాని వెనకే ఏడుపు. అంతలో తెరమీద ఎర్రటి చుక్క.

“బావా, వచ్చేసింది! పరుగెత్తు, ఆయన్ని పిలుచుకు రా!”

బావ మెట్లు దిగి పరుగెత్తాడు. ఇటునుంచి సామాన్లు మోసే పెద్దాయన తోపుడుబండితో వచ్చాడు.

“జరగండమ్మా, గది ఖాళీ చెయ్యమన్నారు. ముందు కరెంటు తీసెయ్యాలి.”

తలుపుకు అడ్డంగా చేతులు చాచి నిలబడ్డాను. కింద బావ అరుపూ, డైరెక్టరుగారి కారు వెళ్ళిపోయిన చప్పుడూ వినిపించాయి.

“అయ్యా, మీరైనా ఒక్కసారి ఈ అద్దంలోంచి చూడండి. వెలుగుతోంది,” అని ఆ పెద్దాయన్నే బతిమాలాను.