అక్కా అని పిలిచిన గొంతు

తనతో ప్రకటనలు చేయించే దర్శకుడికి ఆమె మనసులో తేనెబుడ్డి అని పేరు పెట్టుకుంది. మాట అంత తియ్యగా ఉంటుంది, అంటుకుంటే అంత జిగటగానూ ఉంటుంది. రేడియో ప్రకటనలకు గొంతు ఇవ్వడం ఆమె పని. సబ్బు కానీ, దోమల మందు కానీ, అద్దాల గదిలో మైకు ముందు నిలబడితే చాలు, అమ్మ గొంతైనా కోడలి గొంతైనా ఇట్టే పలికించేది.

ఆరోజు కంటిచూపును బాగుచేసే పొడి అంటూ తేనెబుడ్డి కాగితం చేతికిచ్చాడు. మొదటిసారి చదివితే పెదవి విరిచాడు. రెండోసారీ అంతే.

"మైకుతో మాట్లాడకండి మేడమ్. మీకు బాగా ఇష్టమైన మనిషిని తలుచుకోండి. వాళ్ళకి కళ్ళు పోతున్నాయనుకోండి. ఇప్పుడు చెప్పండి" అన్నాడు.

అందుకు ఆమె పెద్దగా వెతుక్కోనక్కర్లేదు. అక్కకు కళ్ళలో ఒత్తిడి జబ్బు. రోజూ చుక్కలు వేసుకోకపోతే చూపు కొద్దికొద్దిగా పోతుందని డాక్టరమ్మ ఏనాడో హెచ్చరించింది. కర్టెన్లు, దిండు గలీబులు కుట్టుకుని బతికే మనిషి, చూపు లేకపోతే చేతులు లేనట్టే. ఆమె కళ్ళు మూసుకుని అక్కను ఎదురుగా నిలబెట్టుకుంది. అక్కా, ఆ చుక్కలతో ఇంకా ఎన్నాళ్ళు వేగుతావు, నా మాట విను అని బతిమాలింది. అద్దానికి అవతల తేనెబుడ్డి కళ్ళు తుడుచుకుని, ఆ చేత్తోనే బొటనవేలు పైకెత్తి చూపించాడు.

చివర్లో ఇంకో వాక్యం ఉంది. పరగడుపున క్రమం తప్పకుండా తాగితేనే ఫలితం అని. అదెందుకని అడిగితే, తగ్గనివాళ్ళు మనల్ని తిట్టకుండా తమనే తిట్టుకోవడానికి అని నవ్వుతూ చెప్పాడు. ఆమె కూడా నవ్వింది. పొడే కదా, మహా అయితే కడుపు ఉబ్బరిస్తుంది అనుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

కొన్ని నెలల తర్వాత అక్క ఇంటికి వెళితే, అక్క గడపలోనే భుజం తలుపుకు కొట్టుకుంది. పక్కనే ఉన్న స్టూలు కనబడక దానికి కాలు తగిలించుకుంది. మిషను మీద ఉన్న కర్టెన్ అంచు పాములా మెలికలు తిరిగి ఉంది. వంటింటి అలమరలో పొడి డబ్బాలు ఒకదానిమీదొకటి పేర్చి ఉన్నాయి. చుక్కల సీసా ఎక్కడా లేదు. ఆమె వెంటనే అక్క చెయ్యి పట్టుకుని ఆస్పత్రికి లాక్కెళ్ళింది. రెండు కళ్ళకూ పక్కచూపు పోయిందనీ, పోయింది ఇక రాదనీ, మిగిలిందైనా కాపాడుకోమనీ డాక్టరమ్మ చెప్పింది.

ఆస్పత్రి వసారాలోంచే ఆమె తేనెబుడ్డికి ఫోన్ చేసింది. జరిగిందంతా చెప్పి, ఆ ప్రకటన ఆపించమని ఏడ్చింది. అతను ఓపిగ్గా విన్నాడు. అయ్యయ్యో అన్నాడు. తర్వాత గొంతు ఇంకాస్త మెత్తగా చేసుకున్నాడు.

"ఆ బాధ గొంతులో ఉండగానే రెండో ప్రకటన రికార్డు చేసేద్దామా మేడమ్? ఇలాంటిది మళ్ళీ అడిగితే రాదు."

ఆమె ఫోను పెట్టేసి చేతిని చీర కొంగుకు గట్టిగా తుడుచుకుంది. వాడి మీద రోత పుట్టడం సరే, వాడి పక్కన నిలబడి నవ్విన తన మీద అంతకన్నా ఎక్కువ రోత పుట్టింది.

ఇంటికొచ్చాక అక్క మిషను ముందు కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఎవరి మీదా కోపం లేదు ఆ మొహంలో. అదే చూడలేకపోయింది చెల్లెలు.

"పొడిదేం తప్పు లేదులేవే. నేనే సరిగ్గా తాగలేదు. ఒక్కోరోజు టీ తాగేశాక గుర్తొచ్చేది" అంది అక్క.

ఇంక దాచడం ఆమె వల్ల కాలేదు. ఆ పొడి ఉత్త బూటకమని, తనకు ఆరోజే అనుమానం వచ్చిందని, ఎవరో రాసిచ్చింది చదివానని మొత్తం కక్కేసింది. అక్క మిషను మీది కర్టెన్ అంచును వేళ్ళతో తడిమింది.

"ప్రకటనలు అబద్ధాలని నాకూ తెలుసే. పక్కింటావిడ చెబితే నమ్మేదాన్నా? కానీ నువ్వు అక్కా అన్నావు. నన్నే అన్నట్టుంది."

"నిన్నే అన్నానక్కా. నిజంగా నిన్నే తలుచుకుని అన్నాను. నన్ను నమ్మక్కా" అంది చెల్లెలు, అక్క మోకాళ్ళ మీద తల పెట్టి.

అక్క మెల్లగా ఆమె తల పక్కకు తోసింది.

"ఆ గొంతుతో మాట్లాడకే" అంది.

ఆమెకు వేరే గొంతు లేదు.