మొగల్లంక ఆఖరి కేక

పడవ లంక వదిలేముందు, నడిపేవాడు ఒడ్డు వైపు తిరిగి కేక వెయ్యాలి. "ఇంకెవరైనా ఉన్నారాండీ?" అని ముమ్మారు. మూడోసారికీ మాట రాకపోతేనే గెడ వేసి పడవ తొయ్యాలి. మాట వచ్చిందా, అది ఎవరిదైనా సరే, ఆ మనిషి వచ్చి ఎక్కేదాకా పడవ కదలకూడదు. గోదారి వశిష్ఠ పాయ మీద దాటుడు పడవలు నడిపినవాళ్ళందరికీ ఇదే కట్టుబాటు. గడ్డి కోసుకునే ఆడవాళ్ళు రెల్లులో మునిగిపోతే పొద్దు చూసుకోరు. ఒక్క మనిషిని వదిలేసి వచ్చేస్తే ఆ రాత్రి లంకలో ఆ మనిషి గతేమిటి? అందుకు పుట్టింది ఆ కేక. ఆఖరి కేక అంటారు దాన్ని.

జోజి పెళ్లి కుదిరింది కూడా ఆ కేక మీదే. మొగల్లంక నుంచి గట్టుకి పడవ వేసే రోజుల్లో, ఎప్పుడు కేక వేసినా రెల్లులోంచి ఒక ఆడగొంతు "ఆయ్" అనేది. అంతే. "వస్తున్నా" అనీ కాదు, "ఆగండి" అనీ కాదు. అన్నాక కూడా చాలాసేపటికి గానీ గడ్డిమోపు కనపడేది కాదు, దాని కింద ఏలీయా కూతురు కృపావతి కనపడేది కాదు. పడవలో వాళ్ళందరూ విసుక్కునేవారు. జోజి ఒక్కడూ విసుక్కునేవాడు కాదు. అది చూసి ఆడవాళ్ళే ఏలీయా చెవిన వేసేరు.

ఎనభై ఆరు వరదకి మొగల్లంకలో ఆరిన నేలంటూ మిగిలింది లంక తల దగ్గర మెరక ఒక్కటే. పై నుంచి వచ్చే నీళ్ళు ముందుగా తగిలేది ఆ తలకే. దాని మీద చిన్న తాటితోపు. దాని కింద నీటి అంచు వెంబడి మనిషి దూరలేనంత దట్టంగా మొగలి పొదలు. లంకలో కాపురమున్న వాళ్ళ పేటంతా ఆ మెరకెక్కి కూర్చుంది. మనుషులెక్కిన చోటికే పాములూ ఎక్కేయి. మేకపిల్ల మొగలిలోకి దూరిందని కృపావతి వంగి చెయ్యి పెట్టింది. అవతల గట్టున డాక్టరున్నాడు, చర్చి ఉంది, సమాధుల దొడ్డి ఉంది. మధ్యన గోదారి చెట్లనీ, ఇళ్ళ కప్పుల్నీ మోసుకుపోతోంది. ఆ వేగంలో ఏ పడవా నిలవదు. మర్నాటికి ఆమెను తాటితోపు కిందే భూస్థాపన చేసేరు. పాస్టరు గారు రావడానికి లేదు గనక కన్నతండ్రే ప్రార్థన చేసేడు.

నీళ్ళు తీసేక పేటవాళ్ళందరికీ గట్టు మీద కాలనీలో ఇళ్ళిచ్చేరు. లంక ఖాళీ అయిపోయింది. జోజి మాత్రం కత్తీ గునపం పట్టుకుని రోజూ వెళ్ళేవాడు. మొగలి పొదలన్నిటినీ నరికేడు. దుంపలతో సహా పెళ్ళగించేడు. ఎండబెట్టి తగలబెట్టేడు. ముళ్ళకి చేతులు రెండూ చీరుకుపోయేయి. ఏలీయా ఒకరోజు వచ్చి బోసిపోయిన ఒడ్డును చూసేడు.

"పాము చేసినదానికి పొదని నరికేవు జోజీ. లంక నెత్తిన జుట్టు అది. గుండు కొట్టేవు" అన్నాడు.

జోజి గునపం భుజాన వేసుకున్నాడు. అతనికి ఆ మాట పట్టలేదు.

రాజోలులో బంగారరాజు గారికి ఒక మోటారు పడవ ఉండేది. కొబ్బరికాయలు నరసాపురం రేవుకి చేరవేసేది. లారీలు వచ్చేక కాయంతా రోడ్డెక్కిపోయింది, పడవ రేవులో పడి నాచు పట్టింది. కార్తీకమాసంలో ఎవరో బ్యాంకు ఉద్యోగులు వనభోజనానికి ఏ లంకకైనా తీసికెళ్ళమని అడిగేరు. రాజుగారు జోజిని పడవ నడిపే సరంగుగా పెట్టుకుని మొగల్లంకకి పంపేరు. మొగలి పోయిన చోట ఒడ్డు ఏటవాలుగా, చదునుగా ఉంది. పట్టుచీరలవాళ్ళు కూడా చెయ్యి పట్టుకోకుండా దిగేరు. తాటితోపు నీడ, గాలి, చుట్టూ నీళ్ళు. వచ్చినవాళ్ళు వెళ్ళి పదిమందికి చెప్పేరు. భీమవరం నుంచీ తణుకు నుంచీ జనం వరసకట్టేరు. రాజుగారు పడవకి నీలం రంగు వేయించేరు.

జోజికి ఆ పని చేదు కాలేదు. కూలికి కూలి, రోజూ ఆమె ఉన్న చోటుకి వెళ్ళడం. జనం వండుకు తింటూ ఉంటే అతను ఆమె తలాపున పాతిన తాటికర్ర సిలువ పక్కన కూర్చుని మోకు అల్లుకునేవాడు.

మొదటిసారి ఆ మాట వినపడింది వకీళ్ళ బృందం వచ్చిన రోజున. అందరూ ఎక్కేరు. జోజి అలవాటుగా ఒడ్డు వైపు తిరిగి కేక వేసేడు.

"ఇంకెవరైనా ఉన్నారాండీ?"

"ఆయ్."

తోపులోంచి. మెత్తగా, తొందర లేకుండా.

జోజి గెడ పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఉండిపోయేడు. తలకాయలు లెక్కపెట్టుకోమంటే వకీళ్ళు అందరం ఉన్నామన్నారు. ఎవరికీ ఏమీ వినపడలేదు. కానీ మాట వచ్చేక పడవ తొయ్యకూడదు. జోజి దిగి తోపులోకి వెళ్ళేడు. ఎవరూ లేరు. ఆర్పకుండా వదిలేసిన పొయ్యి ఒకటుంది. నిప్పు పక్కనున్న తాటిచెట్టు మొదలు పట్టుకుని లోపల్లోపల కాలుస్తోంది. సిలువకి చేతి దూరంలో ఉంది సెగ. జోజి దోసిళ్ళతో ఇసక పోసి ఆర్పేడు. తిరిగొచ్చి మళ్ళీ కేక వేసేడు. ఈసారి గాలి తప్ప ఏమీ లేదు.

అక్కణ్ణుంచి అదే వరస. ఆమె పలికేది, జోజి దిగేవాడు, వెతికేవాడు. ఒకసారి పిల్లలు నడిచే దారిలో సోడాసీసా పెంకులు. ఒకసారి ఎంగిలాకుల గుట్ట మీద ముసిరిన కాకులు. ఒకసారి సిలువకి తగులుకుని రెపరెపలాడుతున్న ప్లాస్టిక్ సంచి. తీసేస్తే మాట ఆగేది. తియ్యకపోతే ఆగేది కాదు. బృందాలవాళ్ళు గొణిగేవారు. రాజుగారి దాకా వెళ్ళింది. "ఏమోయ్ జోజీ, లంకలో ఎవర్నో ఉంచుకున్నావటగా, ఓ పట్టాన వదిలి రావట" అని రేవులో నలుగురి ముందూ వేళాకోళం చేసేరాయన. జోజి తలొంచుకుని మోకు చుట్టుకున్నాడు.

ఇంటికొచ్చేక ఏలీయాకి ఒక్కడికే చెప్పేడు. ముసలాయన నమ్మేననీ అనలేదు, నమ్మలేదనీ అనలేదు. ఆ మర్నాటి నుంచి పడవ వచ్చే వేళకి కర్ర పొడుచుకుంటూ గట్టు రేవుకి వచ్చి కూర్చునేవాడు. జోజి దిగగానే ఒకే మాట అడిగేవాడు.

"పలికిందా?"

జనం పెరిగేరు. రోజుకి రెండు మూడు ట్రిప్పులయ్యేయి. పొయ్యిలకి పుల్ల చాలక తుప్పలు నరికేరు, అవి అయిపోతే రెల్లు దుబ్బులు పీకేరు. ఎక్కీ దిగీ ఒడ్డు మెత్తబడింది. ఇదంతా జోజి చూస్తూనే ఉన్నాడు గానీ, అతని కళ్ళు వదిలేసిన వస్తువుల కోసమే వెతికేవి. ఇప్పుడతను కేక వెయ్యకముందే గంప పట్టుకుని తోపంతా తిరిగి ఏరేస్తున్నాడు.

అలా ఒకరోజు అంతా ఏరేసేడు. పొయ్యిలు తడిపేడు. చెట్ల మధ్య అగ్గిపుల్ల కూడా వదల్లేదు. వచ్చి కేక వేసేడు.

"ఆయ్."

మళ్ళీ వెళ్ళి వెతికేడు. ఏమీ లేదు. మళ్ళీ కేక వేసేడు, మళ్ళీ పలికింది. ఈసారి తోపులోంచి కాదు, దాని అవతల నుంచి, నీటి వైపు నుంచి. జోజి సిలువ దాటి మెరక అంచు దాకా నడిచేడు. పాదాల కింద నేల డొల్లగా ఉంది. తొంగి చూస్తే కింద మట్టి లేదు. గోదారి లోపలికంటా తినేసింది. తాటివేళ్ళు గాలిలో వేలాడుతున్నాయి. మెరక మీద అడ్డంగా ఒక నెర్రె, అరచెయ్యి పట్టేంత, సిలువ వైపే సాగి వస్తోంది. ఒకప్పుడు అక్కడ మనిషి దూరలేనంత మొగలి ఉండేది. ఏ వరదా ఆ దుంపల్ని కదపలేకపోయింది. అతను కదిపేడు.

ఏలీయా అన్న మాట అప్పుడు పట్టింది జోజికి.

మర్నాడు పొద్దున్నే రాజోలు వెళ్ళి రాజుగారి అరుగు కింద నిలబడ్డాడు. మెరక తెగిపోతోందనీ, తల దగ్గర దించడం మానేసి కింద తోక వైపు ఇసకలో దించుదామనీ, వంట ఈ గట్టునే చేయించి పట్టుకెళ్తే అక్కడ పొయ్యి పెట్టక్కర్లేదనీ, రోజుకి ఒక్క ట్రిప్పు చాలనీ చెప్పేడు. అన్ని మాటలు ఒక్కసారి జోజి నోట రావడం రాజుగారు ఎప్పుడూ చూడలేదు. ఆయన చుట్ట తీసి పకపకా నవ్వేరు.

"వనభోజనానికి క్యారియర్ పట్టుకెళ్ళమంటావు. రేప్పొద్దున్న గోదారి స్నానానికి బిందెతో నీళ్ళు పట్టుకెళ్ళమంటావు కాబోలు. ఒరే, ఈ లంక తెగిపోతే ఇంకో లంక. గోదాట్లో లంకలకి కరువా?"

"లంకలకి కరువు లేదండి" అన్నాడు జోజి. "కృపావతి అక్కడే ఉందండి."

రాజుగారి నవ్వు ఆగింది. ఆ పలకడం సంగతి కూడా అప్పుడే చెప్పేడు జోజి. ఆయన ఎగాదిగా చూసి, సంగతి తేల్చేస్తానని ఆ ఆదివారం ట్రిప్పుకి తనే పడవెక్కేరు.

ఆ రోజంతా ఆయన తోపులో మడతకుర్చీ వేసుకుని చుట్టలు కాలుస్తూ కూర్చున్నారు. వచ్చినవాళ్ళు ట్రాన్సిస్టర్ పెట్టుకుని పేకాడుకున్నారు. పొద్దు వాలేక అందరూ ఎక్కేరు. జోజి కేక వెయ్యబోతుంటే రాజుగారు చెయ్యి అడ్డం పెట్టి, తనే లేచి, ధోవతి సద్దుకుని, నాటకంలో రాజులా గొంతెత్తేరు.

"ఇంకెవరైనా ఉన్నారా?"

"ఆయ్."

ట్రాన్సిస్టర్ మోగుతోంది. పేకాట వాళ్ళు ముక్కలు పంచుకుంటున్నారు. రాజుగారు మాత్రం జోజి మొహంలోకి చూసేరు. జోజి కళ్ళు దించుకున్నాడు. ఆయన ఎవరూ చెప్పకుండానే చెప్పులు విప్పి, మోకాటి లోతు నీళ్ళలో దిగి, ఒక్కరే తోపులోకి వెళ్ళేరు. తాను కూర్చున్న చోట, ఎండు తాటాకుల మధ్య, తాను పారేసిన చుట్టముక్క సన్నగా పొగ తీస్తోంది. పక్కనున్న ఆకు అంచు ఎర్రబడింది. వేళ్ళతోనే నలిపి ఆర్పి, ఆ ముక్క గుప్పిట్లో పెట్టుకుని తిరిగొచ్చేరు.

రాజోలు రేవు కనపడింది. అప్పుడు జోజి పక్కకి వచ్చి నెమ్మదిగా అడిగేరు.

"మీ ఆవిడకి చుట్టవాసన పడేది కాదా?"

"పడేది కాదండి."

"నువ్వెలా అంటే అలాగే నడుపు" అన్నారు రాజుగారు. ఆ పైన ఆయన మళ్ళీ మొగల్లంకలో అడుగు పెట్టలేదు.

ఆ కార్తీకం నుంచి పద్ధతి మారింది. పడవ తోక వైపు ఇసకలోనే ఆగేది. వంటంతా గట్టు మీద కాలనీ ఆడవాళ్ళు చేసేవారు, వాళ్ళకీ కాస్త కూలి గిట్టేది. అరిటాకుల్లో తిన్నాక ఆకులన్నీ గంపలకెత్తి వెనక్కి తెచ్చి గేదెలకి వేసేవారు. ఎవరి చెత్త వాళ్ళే సంచిలో వేసుకుని పడవెక్కాలి. తోపులోకి వెళ్ళొచ్చు గానీ మెరక అంచుకి వెళ్ళకూడదు. కొందరు ఇదేం విహారం, బడికెళ్ళినట్టుందని మరోసారి రాలేదు. కొందరు అందుకోసమే మళ్ళీ వచ్చేరు. లంకలో రెల్లు మళ్ళీ లేచింది. పోయిన కొంగలు కొన్ని తిరిగొచ్చేయి.

జనం భోజనాల దగ్గర ఉన్నంతసేపూ జోజి తల దగ్గర పనిచేసుకునేవాడు. అంతర్వేది వైపు నుంచి మొగలి పిలకలు తెచ్చి నీటి అంచున పాతేడు. మొదటి పిలక పాతబోతూ ఆగేడు. కృపావతి చెయ్యి పెట్టింది ఇలాంటి దాని మొదట్లోనే. రేపు ఇందులోకీ పాము వస్తుంది, రాకుండా పోదు. అయినా గుంట తీసేడు, పిలక నిలబెట్టేడు, మట్టి తొక్కేడు. ముళ్ళు పాత మచ్చల మీదే గీసుకున్నాయి.

మరుసటేడు వరదకి నెర్రె అవతలి ముక్కంతా విరిగి గోదాట్లో కలిసిపోయింది. నీళ్ళు తీసేక జోజి పరిగెత్తుకెళ్ళి చూసేడు. కోత మొగలి పిలకల దాకా వచ్చి ఆగింది. వాటి వెనక సిలువ కొంచెం వాలి ఉంది, అంతే. దాన్ని నిలబెట్టి చుట్టూ మట్టి పోసేడు.

ఆ వరద తరవాత లంక పలకడం మానేసింది.

జోజి కేక వేసేవాడు. రెండోసారి వేసేముందు ఒకప్పటికంటే ఎక్కువసేపు ఆగేవాడు. మూడోసారి మరీ ఎక్కువసేపు. చెవులు రిక్కించి నిలబడితే మొగలాకుల రాపిడి వినపడేది. వదిలేసింది ఏమీ లేదు మరి. ఎందుకు పలుకుతుంది? ఇన్నాళ్ళూ ఆమెకి నెమ్మది కావాలనే కదా ఇంత చేసింది. దొరికింది. ఆ దొరికినదాన్ని ఏం చేసుకోవాలో అతనికి తెలియలేదు. పడవ తొయ్యడానికి చేతులు రావు. ఎక్కినవాళ్ళు ఏమయ్యిందని అడుగుతారు. ఏమీ లేదండి అంటాడు.

కొత్తపేట నుంచి మేష్టర్ల కుటుంబాలు వచ్చిన రోజున, తోపులో ఆఖరి తిరుగుడు తిరుగుతుంటే సిలువ దగ్గర బిస్కట్ పొట్లం కాగితం ఒకటి దొరికింది. ఎర్రటిది, గాలికి గలగలమంటోంది. జోజి వంగి తీసేడు. గంపలో వెయ్యబోయి ఆగేడు.

ఇది ఇక్కడ వదిలేస్తే పలుకుతుంది.

ఎవరూ చూడటం లేదు. చిన్న కాగితం ముక్క. ఒక్కసారి. ఆ ఒక్క మాట విని, వెంటనే వెనక్కొచ్చి తీసేసుకుంటాడు. వేళ్ళు సడలేయి. కాగితం కొస గాలికి లేచింది. కింద మట్టి తడిగా, చదునుగా, తను చేత్తో సర్దినట్టే ఉంది. రెల్లులో ఎక్కడో పని చేసుకుంటున్న మనిషిని, ఊరికే గొంతు వినాలని పిలిచినట్టు ఉంటుంది. పాపం, మోపు కట్టుకోవడం ఆపి పలకాలి.

జోజి కాగితాన్ని ఉండచుట్టి జేబులో పెట్టుకున్నాడు. పడవ దగ్గరికొచ్చి ఒడ్డు వైపు తిరిగి ముమ్మారు కేక వేసేడు. మూడిటికీ మధ్య ఎంత ఆగాలో అంతే ఆగేడు. అప్పుడు గెడ గుచ్చి తోసేడు. పడవ కదిలింది.

గట్టు రేవులో ఏలీయా కర్ర మీద గడ్డం ఆనించి కూర్చుని ఉన్నాడు. జోజి ఇసకలోకి దూకి మోకు కట్టేడు.

"పలికిందా?"

"లేదు మావా."

ఏలీయా కర్ర పక్కన పెట్టి లేచి, పడవలోంచి ఎంగిలాకుల గంప అందుకోవడానికి రెండు చేతులూ చాపేడు.