పాలడబ్బా

మా మరిదికి ముక్కు మీద తోలు ఊడుతోంది. సముద్రపు ఎండ. జైల్లో ఖైదీల్ని చూడ్డానికి వచ్చే గదిలో అద్దానికి అవతల కూర్చుని, ఆ తోలు గోటితో గిల్లుకుంటూ, నా బదులు మీరు జైలుకు వెళ్ళండి అని అడగడానికి వచ్చాడు. పక్కన మా చెల్లెలు చిట్టి. దాని ముక్కూ ఊడుతోంది. నన్ను పోలీసులు పట్టుకుపోయాక కూడా వీళ్ళు బీచికి వెళ్ళారన్నమాట.

నేను బడిపిల్లలకు యూనిఫారాలు కుట్టి బతికేదాన్ని. పెళ్ళి చేసుకోలేదు. చిట్టి ఇంకా నడక రాని పాపను చంకనేసుకుని వచ్చి, "నువ్వూ నాలుగు దేశాలు చూడాలక్కా" అంది. నాలుగు దేశాలంటే పాపకు పాలు కలపడం, గుడ్డలు మార్చడం అని నాకు తెలియక కాదు. అయినా సంబరంగానే బయల్దేరాను. దానికోసం కొత్త పెట్టె కూడా కొనుక్కున్నాను.

విమానాశ్రయంలో వాళ్ళ పెట్టెలు బరువెక్కువయ్యాయి. నాది తేలిక. మనవాళ్ళందరూ చేసే పనే మరిదీ చేశాడు. పెట్టెలన్నీ నేలమీద బార్లా తెరిచి, వాళ్ళ సామాను నా దాంట్లో కుక్కాడు. బూట్లు, తువ్వాళ్ళు, చివరికి ఒక పాలపొడి డబ్బా.

"పాపకి పాలు కలిపేది మీరే కదా వదినగారూ, ఇది మీ దగ్గరే ఉండనీండి" అన్నాడు.

ఎంత బాధ్యత గల తండ్రి అని మురిసిపోయాను. పెట్టె మీరే సర్దుకున్నారా అని అడుగుతారు, అవుననండి, లేకపోతే ఊరికే నిలబెట్టేస్తారు అని కూడా ఆయనే నేర్పాడు. అడిగారు. చిలకలా అవునన్నాను.

దిగినచోట పోలీసు కుక్క వచ్చి నా పెట్టె పక్కన కూర్చుంది. డబ్బాలో పైన పాలపొడి, కింద గంజాయి. వెనక్కి తిరిగి చూస్తే మరిది తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. నన్ను తీసుకుపోతుంటే పాప ఒక్కతే ఏడ్చింది.

ఇక్కడి ప్రభుత్వం ఇచ్చిన వకీలు మొహమాటం లేని మనిషి. ఆయన మాటలు నాకు చెప్పడానికి తెలుగు వచ్చిన దుబాసీ ఒకావిడ వచ్చింది. పెట్టె ఎవరిదో సరుకు వాళ్ళదే, ఇదీ ఈ దేశపు చట్టం. నాకు తెలియదు అని పట్టుబడ్డ ప్రతి టూరిస్టూ అంటాడు. ఇంత సరుకుకి ఏడేళ్ళకు తక్కువ పడదు. మన రాయబార కార్యాలయం వాళ్ళు వచ్చి పలకరిస్తారు, తిండి పెడుతున్నారా అని అడుగుతారు, అంతే గాని విడిపించలేరు. ఆ డబ్బాలో అది పెట్టినవాడు నోరు విప్పితేనే నేను బయటపడేది.

వెళ్ళబోతూ దుబాసీ ఇంకో మాట చెప్పింది. "చూడ్డానికి వచ్చినవాళ్ళతో అద్దం దగ్గరి ఫోన్లో మాట్లాడేదంతా రికార్డవుతుందమ్మా. గోడమీద బోర్డు కూడా ఉంటుంది. తెలుగు మాటలైతే నా దగ్గరికే వస్తాయి. పొల్లు పోకుండా రాసి కోర్టుకిస్తాను. చూసి మాట్లాడండి."

రేపు విచారణ అనగా ఇవాళ వచ్చారు, మొగుడూ పెళ్ళామూ. పాపను హోటల్లో ఎవరికో అప్పగించారట. ముందు చిట్టి ఫోను అందుకుంది.

"అక్కా, రేపు అది నీదేనని చెప్పెయ్యవా? ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుందంట. ఆయన ఉద్యోగం పోతే మేమేమైపోవాలి? నీకైతే వెనకా ముందూ ఎవరున్నారు?"

"నువ్వున్నావనుకున్నానే" అన్నాను.

అది తల దించుకుంది. ఎంతైనా నా చంకలో పెరిగిన పిల్ల. మనసు ఊరుకోలేదు.

"చిట్టీ, ఆ గోడమీద బోర్డు చదివావా?"

మరిది దాని చేతిలో ఫోను లాక్కున్నాడు.

"చదివాంలే వదినగారూ. రికార్డు చేసుకోనీండి. మన తెలుగు ఇక్కడెవడికి వచ్చి చచ్చింది?" అని నవ్వాడు. "నేనేమన్నా అమ్ముకోడానికి తెచ్చానా? సెలవుల్లో ఆ మాత్రం సరదా ఉండదా? మీ పెట్టెని ఎవడూ చూడడనుకున్నా. మీ టైము బాలేదు."

నా టైము. ఛీ, ఆ నవ్వు చూస్తే ఒంటిమీద బల్లి పడ్డట్టయింది.

"అందులోంచే పాపకి పాలు కలిపేసుంటే?" అని అడిగాను.

"కలిపేలోపు తీసేసుకునేవాణ్ణిగా. పైన నాలుగు చెంచాలే పొడి. మూత కూడా కొత్తదానిలా అంటించా, ఎవరికీ అనుమానం రాకుండా." మెచ్చుకోమన్నట్టు చూశాడు.

నేను చిట్టి వైపు చూశాను. అది అతని చేతిలో ఫోనుకు పక్కనుంచి చెవి ఆనించి అంతా వింటోంది. నాలుగు చెంచాల మాటకు ఉలిక్కిపడలేదు, మొగుడి వైపు తిరగలేదు. జేబురుమాలు తీసి ముక్కు తుడుచుకుంది. దానికి ముందే తెలుసు. డబ్బా నా పెట్టెలో పెడుతున్నప్పుడూ తెలుసు, నన్ను తీసుకుపోతున్నప్పుడూ తెలుసు. ఇన్నాళ్ళూ మరిది మీద పుట్టిన అసహ్యం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

ఆ దుబాసీ సంగతి చెప్పడానికి అప్పటికీ సమయం మించిపోలేదు. పెదవి మీద వేలు పెట్టినా చాలు, చిట్టి గ్రహించేది. పాప ముఖం ఒకసారి కళ్ళముందు మెదిలింది. చెయ్యి ఒళ్ళోనే ఉంచుకున్నాను.

"ఫోను గరగరమంటోంది, సరిగ్గా వినబడటం లేదు మరిదిగారూ" అన్నాను. "ఆ డబ్బాలో అది పెట్టింది ఎవరన్నారు?"

అతను ముక్కు గిల్లుకోవడం మాని, ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుని, చెవిటిదానికి చెప్పినట్టు ఒక్కొక్క మాటే విడదీసి చెప్పాడు.

"నేనే వదినగారూ. నా చేతుల్తో నేనే పెట్టాను."