కుండ దించేదాకా

మస్కట్‌లో విమానం ఎక్కి, హైదరాబాదులో దిగి, బీదర్ దాకా బస్సులో నిలబడే వచ్చి, ఖటక్ చించోళిలో తమ్ముడి వాకిట్లో పెట్టె దించితే నా మరదలు శరణమ్మ అన్న మొదటి మాట ఇది:

"ఎవరు రమ్మన్నరు నిన్ను?"

పదహారేళ్ల తర్వాత పుట్టింటికి వస్తే దక్కిన మర్యాద! నాకు ఒళ్లు మండిపోయింది.

"నీ కొడుకే పిలిచిండు. అడుగు," అన్నాను.

పెళ్లికొడుకు వీరేశ్ అక్కడే ఉన్నాడు. కొల్హార్‌లో ఫ్యాక్టరీ పని వాడిది. నెల కిందట ఫోన్ చేసి, "అత్తా, నువ్వు రాకుంటే ఐరేని కుండ ఎవరెత్తుతరు?" అని ఏడ్చినంత పని చేశాడు. ఇప్పుడేమో నేల చూపులు చూస్తున్నాడు. వాడి ధైర్యమంతా ఫోన్లోనే అయిపోయినట్టుంది.

మా దిక్కు పెళ్లికి ముందు కుమ్మరింటి నుంచి సున్నపు చారలు వేసిన ఐరేని కుండలు తెస్తారు. మొదటి కుండ ఆ ఇంటి ఆడబిడ్డ నెత్తి మీదే రావాలి. అది ఎత్తినామె ఈ ఇంట్లో పుట్టిందని ఊరంతా ఒప్పుకున్నట్టే. ఆ ఒక్క కుండ కోసమే నేను సముద్రం దాటి వచ్చాను. చీర సారెలు నాకక్కర్లేదు.

లోపలి నుంచి తమ్ముడు భీమ్‌రావ్ వచ్చాడు. తల పూర్తిగా నెరిసిపోయింది. నేను ఎత్తుకుని తిప్పిన పిల్లాడు ఇలా అయ్యాడా అని జాలేసింది, వాడు నోరు తెరిచేదాకా.

"ఔరాద్ నుంచి వియ్యాలవారొచ్చి బడిల దిగిండ్రు. నాకొక అక్క ఉండె, సచ్చిపోయిందని చెప్పిన వాళ్లకు. ఇప్పుడు నువ్వు ఊడిపడితే నా ఇజ్జత్ ఏం గావాలె?"

"సచ్చిపోయిన్నా? ఏ రోగమొచ్చి సచ్చిన్నో అది గూడ చెప్పినవా?"

నేను చేసిన పాపమేమిటంటే, మొగుడు ఇంకొకదాన్ని కట్టుకుని లాతూరు పోతే, తమ్ముడి మీద పడి తినకుండా మస్కట్‌లో ఒక ఇంట్లో వంటకు కుదిరాను. అరబ్బుల ఇంట్లో గిన్నెలు తోమే ఆడది మా ఇంటిది కాదని వీడు ఆనాడే అన్నాడు. అమ్మ పోయినప్పుడు యజమాని నా పాస్‌పోర్టు బీరువాలో పెట్టి తాళం వేశాడు. వంటింట్లో కూర్చుని తల గోడకేసి కొట్టుకున్నాను. ఇక్కడ మాత్రం తల్లి చావుకు రాని పాపిష్ఠిదని నాకు పేరు పడింది.

అంతలో పెళ్లికూతురి తల్లి మహానంద నలుగురు ఆడవాళ్లతో వాకిట్లోకి వచ్చింది. నన్ను చూసి, "ఈమె ఎవరు?" అని అడిగింది.

"వంటామె. భాల్కి నుంచి పిలిపించినం," అంది శరణమ్మ తడుముకోకుండా. నా వైపు తిరిగి, "ఉల్లిగడ్డలు కొయ్యిపో," అంది.

పెళ్లిల్లు కదా అని నోరు మూసుకున్నాను. కత్తిపీట ముందు కూర్చుని పావు బుట్ట కోశాను. బాజాలు మోగి అందరూ కుమ్మరింటికి బయల్దేరాక మాత్రం నా వల్ల కాలేదు. చేతులు కడుక్కుని వాళ్ల వెనకే నడిచాను.

కుమ్మరింట్లో శరణమ్మ తన చెల్లెల్ని ముందుకు తోసింది. ఆ పిల్ల నెత్తిన బట్ట చుట్ట పెట్టుకుని తయారుగా ఉంది. కుమ్మరి రాచమ్మ కుండ ఎత్తబోతూ నన్ను చూసి ఆగింది.

"సక్కూ! సక్కుబాయివి గదా? సచ్చిపోయిందన్నరు గదనే నిన్ను!"

బాజా ఆగిపోయింది.

"రాచమ్మా, నువ్వు పని చూడు," అన్నాడు భీమ్‌రావ్.

"ఇంటాడబిడ్డ కండ్ల ముందట ఉండంగ పరాయిదాని నెత్తికెట్ల ఎత్తుత? నా చేతులతోని గాదు," అని ఆ ముసలామె నా నెత్తి మీద బట్ట చుట్ట పెట్టి, దాని మీద కుండ పెట్టింది.

"వంటామె అన్నరు గదా?" అంది మహానంద.

దారి పొడుగునా భీమ్‌రావ్ నా పక్కనే నడిచాడు. వాడు చూసింది కుండనే, నన్ను కాదు. ఐరేని కుండ దారిలో పగిలిందంటే అపశకునమని ఔరాద్ వాళ్లు పిల్లను తీసుకుని వెళ్లిపోతారు. అది వాడికీ తెలుసు, నాకూ తెలుసు. నడిబజారులో నిలబడి, కుండ మీది నుంచి ఒక చెయ్యి తీశాను.

"అక్కా! కుండ! పైలం!"

కుండ మీది భయంతో అన్నాడు, ప్రేమతో కాదు. అయినా సిగ్గులేని నా కళ్లు నిండిపోయాయి. పదహారేళ్లుగా ఆ పిలుపు కోసం మొహం వాచి ఉన్నాను మరి.

"ఏమన్నవ్? వియ్యపురాలికి ఇనబడలె."

"అక్కా, నడువు. దండం పెడుత."

"ఎవరికక్కను? గట్టిగ చెప్పు," అంటూ రెండో చెయ్యి వదులు చేశాను. మహానంద దగ్గరికి వచ్చింది. భీమ్‌రావ్ మొహం పాలిపోయింది.

"నా సొంత అక్క. సక్కుబాయి. సచ్చిపోలేదు. నేనే అబద్ధమాడిన," అన్నాడు.

అప్పుడు కదిలాను. పందిట్లో పరిచిన జొన్నల మీద కుండను పదిలంగా దించాను. నేను ఇంకా వంగి ఉండగానే భీమ్‌రావ్ నా చెవి దగ్గరికి వచ్చాడు.

"అయింది గదా నీ పంతం. ఆటో మాట్లాడిన. ఎవరికీ చెప్పకుండ ఎన్క దర్వాజ నుంచి పో."

కుండ దించేదాకానే నేను అక్కను. లేచి, అక్కడున్న పీట లాక్కుని మహానంద పక్కనే కూర్చున్నాను.

"శరణమ్మా! కుండ తెచ్చిన ఆడబిడ్డ కాళ్లు ఇంటి కోడలు గాకుంటే ఎవరు కడుగుతరు?" అని పందిరంతా వినబడేలా కేకేశాను.

ఔరాద్ వాళ్లంతా చూస్తున్నారు. శరణమ్మ చెంబు, పళ్లెం తెచ్చి నా ముందు కూర్చుంది. గోళ్లు దిగేలా నా మడమ పట్టుకుని నీళ్లు పోసింది.

"నిజంగ సచ్చినా నీ పీడ వోదు," అంది, నాకొక్కదానికే వినబడేటట్టు.

"ఒకసారి సంపిండ్రు, సాలదా? ఇంకో కాలు కడుగు," అన్నాను.