గినీ పందుల తప్పేమీ లేదు

తమ్ముడు ఫౌస్తినోకి కిడ్నీ మార్చి అయిదు నెలలైంది. అది నిలవడానికి వాడే మందులు ఒంట్లో రోగాన్ని ఎదిరించే శక్తిని తగ్గిస్తాయని ముందే చెప్పారు. అలాంటివాడికి పొడిదగ్గు, జ్వరం పట్టుకుని, నాలుగడుగులకే ఆయాసం వచ్చేసరికి అక్క డొమితిలా అతన్ని పట్నానికి తీసుకొచ్చింది. హువాన్‌కాయో ఆసుపత్రిలో ఊపిరితిత్తుల్లో ఫంగస్ చేరిందన్నారు.

ఆ మాట వినగానే ఆమె కళ్లముందు మెదిలింది మరదలు జెనైదా వంటిల్లే. పొయ్యి పక్కన బూజుపట్టిన తడిగడ్డి, అందులో కూరకని పెంచే, కుందేలు పిల్లలంతేసి గినీ పందులు పంతొమ్మిది. జెనైదా ఆసుపత్రిలో ఉన్న పూట చూసి, డొమితిలా ఊరికి వెళ్లి ఒక్కొక్కదాని మెడా విరిచేసింది. కూరకు కూడా వాడనివ్వకుండా పెరట్లో గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చేసింది. జెనైదా సంగతి విని, "మంచిదే వదినా," అని గోడవైపు తిరిగింది. వాటి మొదటి జతను ఆమె పుట్టింటినుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుంది.

పదకొండో రోజున రౌండుకి వచ్చిన డాక్టరమ్మతో డొమితిలా గొప్పగానే చెప్పింది, గినీ పందుల పీడ వదిలించానని.

"అయ్యో, వాటికేం సంబంధం?"

"ఆ గడ్డి బూజే కదమ్మా?"

"కాదు. ఈ రకం ఫంగస్ ఎలకలది ఎలకల్లోనే, కుందేళ్లది కుందేళ్లలోనే ఉంటుంది. ఒకదానిది ఇంకోదాని ఊపిరితిత్తుల్లో బతకదు. మీ తమ్ముడికి మనిషినుంచే వచ్చింది."

"మా ఇంట్లో ఎవరూ దగ్గలేదే!"

"దగ్గక్కర్లేదు. మీలాంటి ఆరోగ్యవంతుల్లోనూ కొన్నాళ్లు ఉండిపోతుంది. మీకు తెలియను కూడా తెలియదు."

డొమితిలా వరండాలోకి వచ్చి బెంచీ మీద కూలబడింది. పక్కనే జెనైదా చల్లారిన సూప్ గిన్నె ఒళ్లో పెట్టుకుని ఉంది. డొమితిలాకి ఇన్ని రోజుల బస్సు ప్రయాణాలు ఒక్కసారిగా ఒంట్లోకి దిగినట్టయింది. దాచే ఓపిక కూడా లేక డాక్టరమ్మ అన్నదంతా చెప్పేసింది.

"అయితే ఎవరు అంటించినట్టు?" అంది జెనైదా.

"నేనో, నువ్వో. పక్క దులిపి, అన్నం పెట్టి, పక్కనే కూచున్నవాళ్లం మనమేగా."

"మరి మన మెడలు ఎప్పుడు విరుస్తావు?"

డొమితిలా ఆమె ఒళ్లోని గిన్నె అందుకుంది. "శనివారం సంతలో ఒక జత కొనిస్తాను," అంది.

"వద్దొదినా. గడ్డి కోసే ఓపిక లేదు నాకు. ఆయన్ని ఇంటికి రానీ."

తొమ్మిది రోజుల తర్వాత ఫౌస్తినో ఇంటికొచ్చాడు, మనిషి సగమై. గుమ్మం దగ్గరే ఆగి, "వంటింట్లోంచి అరుపులు వినబడవేం?" అన్నాడు.

జెనైదా వదినవైపు చూడలేదు. "అమ్మేశాను. నువ్వు లోపలికి రా," అంది.