టీచర్ల బకెట్టు

టీచర్ల గదిలోంచి తెచ్చిన బకెట్టు మూత తీయగానే కొత్త టీచరు రెండడుగులు వెనక్కి వేసింది. ఒక్కసారి కొరికి వదిలేసిన రొట్టెలు, పెంకు కూడా తీయని గుడ్లు, వాటి మీద పులిసిన చారు. ఛీ, ఇంత చదువుకున్న మనుషులు! నాలుగో తరగతి పిల్లలు ముక్కులు మూసుకుని బకెట్టును కాటా మీదికెత్తి అంకె రాసుకున్నారు.

ఇది మిషను బడిలో బైబిలు చెప్పే సత్యోపదేశం క్లాసు. ఈ ఏడాది నుంచి పాఠం వల్లె వేయించడం మానేసి, పిల్లల ముందు నిజమైన సమస్య పెట్టాలని, జవాబు వాళ్లే వెతుక్కోవాలని బడి నడిపే పెద్ద సిస్టరే హుకుం జారీ చేసింది. ఏసు ఐదు రొట్టెలతో ఐదువేల మందికి పెట్టి, మిగిలిన ముక్కలు కూడా పారేయకుండా ఏరించిన రొట్టెల అద్భుతం పాఠానికి సమస్య కూడా ఆవిడే ఎంచింది: మన బడిలో తిండి ఎవరు పారేస్తున్నారు? పిల్లలు ఐదు రోజులు తూచారు. అన్ని తరగతుల బకెట్లూ కలిపినా టీచర్ల బకెట్టు ముందు బలాదూరే.

చార్టు చూసి పెద్ద సిస్టరు మొహం మాడ్చుకుంది.

"మన బకెట్టు ఎవరు తూచమన్నారమ్మా?"

"సమస్య మీరిచ్చిందే కదా సిస్టర్. జవాబు ఇలా వచ్చింది."

"రేపు ఫాదర్ వస్తున్నారు. పిల్లలదే ఎక్కువని మార్పించు. నీ పర్మనెంటు కాగితం మీద కూడా రేపే సంతకం పెడతారు, గుర్తుందా?"

గుర్తులేకేం? మూడేళ్లుగా అక్కాబావల ఇంట్లో, ముందుగది సోఫాలో ముడుచుకుని పడుకుంటున్న మనిషాయె. చార్టు చుట్టుకుని క్లాసుకు వెళ్లింది.

"అంకెలు కాస్త తప్పు పడ్డాయర్రా."

పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. తూకాలు రాసిన రెండు జడల పిల్ల ఏదో అడగబోయి, టీచరు కళ్లు చూసి ఆగిపోయింది. రబ్బరు తీసి తుడిచేసింది. కొత్త అంకెలు చెబుతుంటే టీచరుకు ఆ కుళ్లు బకెట్టు కంటే తన మీదే ఎక్కువ రోత పుట్టింది.

మర్నాడు ఫాదర్ చార్టు చూసి మురిసిపోయారు. పిల్లలు ఇంత తిండి పారేయడం పాపమన్నారు. గుడ్లు పారేసే లెక్కల సారు అందరికంటే భక్తిగా తలూపాడు. ఫాదర్ రెండు జడల పిల్లను దగ్గరికి పిలిచారు.

"ఇలాంటి సమస్య మళ్లీ ఇస్తే ఏం చేస్తావమ్మా?"

పిల్ల చేతులు కట్టుకుని శ్రద్ధగా చెప్పింది.

"ముందు టీచర్‌ని అడగాలి ఫాదర్. ఎంత రావాలో చెప్తారు. తర్వాత తూచాలి."

ఫాదర్ పకపకా నవ్వారు. పెద్ద సిస్టరు గబగబా చప్పట్లు మొదలుపెట్టింది, గదంతా అందుకుంది. పిల్ల మాత్రం, సరిగ్గా చెప్పానా అన్నట్టు, టీచరు వైపే చూస్తోంది.

సరిగ్గానే చెప్పావని టీచరు తలూపింది.